స్కోరు వ్రాయుట ఫలాపేక్షయా?

గోల్ఫు నేర్చుకొనుచు విసిగినవారికి ఆధ్యాత్మిక మిత్రులు తరచుగా చెప్పు హితవు ఒకటి కలదు. స్కోరు వ్రాయుట మానుము, ఫలాపేక్ష విడిచి ఆడుము, గీత బోధించినది ఇదియే కదా, అని. వినుటకు ఇంపుగా ఉన్న ఈ మాట గీతార్థమునకు దూరమైనది. పొరపాటు ఆటతో ఆగినచో ఇంత చర్చ అక్కరలేదు. జపసంఖ్య లెక్కించుట మానినవారును, ధ్యానము కుదరలేదని ఆసనము చుట్టిపెట్టినవారును ఇదే తర్కమును ఆశ్రయించుచుందురు.

గీతకు ఈ ఆటతో చుట్టరికము కొత్తది కాదు. 1995లో స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ అను అమెరికా రచయిత కురుక్షేత్రమును గోల్ఫు మైదానమునకు మార్చి ‘ది లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్’ అను నవల వ్రాసెను. యుద్ధముచే మనసు విరిగి, ఆడనని కూలబడిన ఆటగాడు ఆర్. జునా, కలిపి పలికినచో అర్జునుడే. అతని క్యాడీ, అనగా కర్రల సంచి మోయుచు సలహా చెప్పువాడు, బ్యాగర్ వాన్స్, భగవానుడు. సారథ్యము సంచి మోతగా మారినది. 2000లో వచ్చిన దాని చలనచిత్రములో, బంతి రవ్వంత కదిలినందుకు జునా తనకు తానే ఒక దెబ్బ శిక్షగా చేర్చుకొనును. లెక్క మానుమని చెప్పు కథలో ఇట్టి ఘట్టమునకు చోటుండదు.

ఈ ఆటలో నైరాశ్యము ఎందుకింత తీవ్రము? బంతి నిశ్చలముగా నేలపై ఉండును. ప్రత్యర్థి దానిని విసరడు, అడ్డగింపడు. తప్పును మోపుటకు మరొకడు లేడు. నాలుగు గంటల ఆటలో కర్ర ఊపు కాలము కొన్ని నిమిషములే. మిగిలినదంతయు నడక, నడకతోపాటు మనస్సు. గీత ఆరవ అధ్యాయములో అర్జునుడు గాలితో పోల్చిన ఆ మనస్సునకు ఇంత తీరిక మరి ఏ ఆటయు ఈయదు.

ఇందులో సూక్ష్మమైన మాయ ఒకటి ఉన్నది. ఔత్సాహికుని సామర్థ్యమును హ్యాండీక్యాప్ అను సంఖ్యతో కొలుతురు. అది ఎంత తగ్గిన అంత మేలు. 2020 నుండి అమలులో ఉన్న ప్రపంచ విధానములో దాని గరిష్ఠము 54. ఆడిన చివరి 20 ఆటలలో మేలైన 8 మాత్రమే గణనకు వచ్చును, తక్కిన 12 వచ్చవు. కావున ఆ సంఖ్య మనిషి సగటును తెలుపదు. అతడు బాగుగా ఆడిన దినముల రూపమును తెలుపును. సాధారణముగా ఎవడైనను సగముకంటె ఎక్కువ ఆటలలో తన హ్యాండీక్యాప్‌నకు తక్కువగానే ఆడును. అది గణితము, పతనము కాదు. కాని అహంకారము ఆ ఎనిమిదింటిని ‘నేను’ అనుకొని, పన్నెండింటిని తనకు జరిగిన అన్యాయముగా భావించును. వేదాంతులు అధ్యాస అను పదమును దేహాత్మభ్రాంతిని వివరించుటకు వాడుదురు. ఆదివారపు మైదానములో దాని చిన్న నమూనా దొరకును. పూజామందిరములోనూ దొరకును: ఒకనాడు కుదిరిన ధ్యానమును తన స్థాయి అనుకొన్న సాధకుడు మరునాటినుండి అలుగును.

పతంజలి యోగసూత్రముల సమాధిపాదములో అంతరాయములను తొమ్మిదిగా పరిగణించెను. వాటిలో చివరి రెండు అలబ్ధభూమికత్వము, అనవస్థితత్వము. మెట్టు అందకపోవుట ఒకటి, అందిన మెట్టుపై నిలువలేకపోవుట రెండవది. రెండేండ్లు పాఠము చెప్పించుకొనియు స్కోరు తగ్గనివానికి మొదటిది, ఒక నెల తగ్గి మరల పెరిగినవానికి రెండవది అనుభవమే. వీటి వెంట వచ్చు పరివారములో దౌర్మనస్యము, అంగమేజయత్వము కలవు. కోరిక దెబ్బతిన్నప్పుడు చిత్తమునకు కలుగు కలత దౌర్మనస్యము. అవయవముల వణకు అంగమేజయత్వము. మూడడుగుల దూరమున్న బంతిని హోలులోనికి నెట్టబోవునప్పుడు చేయి వణకుటను గోల్ఫరులు యిప్స్ అందురు. మనస్సు చెదిరినచో వణకు వచ్చునని యోగశాస్త్రము ఏనాడో గుర్తించినది. సూత్రకారుడు వీటిని పాపములనలేదు, అడ్డంకులనెను. మార్గములో నడచువానికే అడ్డంకి తగులును.

ఫలమును లెక్కించుచునే ఫలమునకు దాసుడు కాకుండుట ఎట్లో చూడదలచినవారికి ఏలూరు జిల్లా చాట్రాయి మామిడి తోటలు మేలైన పాఠశాల. అచ్చట గోల్ఫు మైదానము లేదు. రసాలకు, బంగినపల్లికి పేరుగాంచిన నూజివీడు ప్రాంతపు నేల అది. మామిడికి ఒక ఏడు విరగకాపు, మరుసటి ఏడు పలుచని కాపు సహజము. ఒక్కొక్క పూతగుత్తిలో వందల పూలు విరిసినను పండువరకు నిలుచునవి ఏ కొన్నియో. తేనెమంచు పురుగు ఒకవైపు, వేసవి గాలివాన మరొకవైపు. అంతమాత్రమున రైతు కాయను తూకము వేయుట మానునా? టన్ను ధర అడుగును, గుత్తదారుతో గట్టిగా బేరమాడును. కాపు పలుచనైన ఏట కూడ దుక్కి దున్నును, ఎండుపుల్లలు తీయును, ఎరువు వేయును. ఇటీవల మామిడి తీసి ఆయిల్‌పామ్ వేసినవారును కలరు. లెక్క చూచుకొని చేసిన ఆ నిర్ణయమును అలుకగా ఎంచరాదు.

ఆ రైతు చేయని పని కూడ గమనింపదగినది. పూతకు ముందు, కార్తీక మార్గశిర మాసములలో, కాపు చెట్టుకు నీరు పెట్టడు. ఆ బెట్ట లేనిచో పూత రావలసిన కొమ్మకు ఆకుచిగురు వచ్చును. ఒక ఆట చెడగానే మూడు వందల బంతులు కొట్టి, రాత్రి మరియొక వీడియో చూచి, ఉదయమున పట్టు మార్చుకొను ఔత్సాహికుడు మార్గశిరములో నీరు పెట్టినవాడే. దీర్ఘకాలము, ఎడతెగకుండ, ఆదరముతో చేసినప్పుడే అభ్యాసము స్థిరపడునని పతంజలి మతము. వారమునకొక పద్ధతి మార్చినవాని శ్రమలో కాలము ఉన్నది, నైరంతర్యము లేదు. వైరాగ్యము అభ్యాసమునకు పిదప వచ్చు బహుమతి కాదు. అభ్యాసములోనే ఉండవలసిన ఆ బెట్ట.

ఇక ఆటయే విడుచుట. అది తప్పని ఎవరును అనలేరు, కాని ఎట్లు విడిచెననునది ముఖ్యము. గీత పదునెనిమిదవ అధ్యాయములో కష్టమను భయముతో కర్మను వదలుట రాజసత్యాగమని, దాని వలన త్యాగఫలము లభింపదని చెప్పబడినది. ఈ భేదము బాబీ జోన్స్ జీవితములో కన్పట్టును. ఈ అమెరికా ఆటగాడు కడవరకు ఔత్సాహికుడే. 14వ ఏట, 1916లో, జాతీయ పోటీలకు వచ్చినవానికి 1923 వరకు పెద్ద విజయము లేదు. 1921లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆట చెడి, మూడవ ఆవృత్తిలో 11వ హోలువద్ద బంతిని చేతికి తీసికొని పోటీనుండి తొలగెను. 1925లో యుఎస్ ఓపెన్‌లో ఎవరును చూడకున్నను తన బంతి కదిలినదని తానే చెప్పి ఒక దెబ్బ చేర్చించుకొనెను. ఆ పోటీ సమమై, అనంతరపు ఆటలో ఓడెను. స్కోరు వ్రాయుట అనగా అది. 1927లో అదే సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్ గెలిచెను. 1930లో నాలుగు ప్రధాన పోటీలను ఒకే ఏట గెలిచి, 28వ ఏట పోటీలనుండి విరమించెను. రెండు పర్యాయములును చేసినది విడుచుటయే. మొదటి విడుపునకు జోన్స్ చిరకాలము చింతించెను. 1958లో, నడువలేని రోగముతో బాధపడుచున్న కాలమున, సెయింట్ ఆండ్రూస్ పట్టణము ఆయనకు పౌరగౌరవము నిచ్చినది.