సరదా కారు దండగేనా?

“చందాపుర సిగ్నల్ దాటడానికే ఇంతసేపు! మనకు స్పోర్ట్స్ కారెందుకురా?” అంటారు పెద్దలు. మరి అదే సిగ్నల్లో ఒక్క మనిషిని మోస్తూ నిలబడే ఏడు సీట్ల బండిని ఎవరూ ఏమీ అనరే!

నా మాట ఒకటే. సరదా కార్లు మామూలు కంపెనీలే చెయ్యాలి. టాటా వాళ్లు 2017లో జెనీవా ప్రదర్శనలో రేసెమో అనే రెండు సీట్ల చిన్న కారు చూపించారు. ఇంజిన్ 1.2 లీటర్లే. అది అమ్మకానికి రానే లేదు. ఇలాంటివి ఎవరు కొంటారంటారా? జపాన్‌లో మాజ్డా 1989 నుంచి ఎమ్ఎక్స్-5 చేస్తూనే ఉంది, పది లక్షలు దాటాయి. తక్కువ బరువే దాని బలం.

మన పక్క బొమ్మసంద్రలో తయారైన రేవా కరెంటు కారు 2001లో వచ్చింది. బొమ్మ కారని నవ్వారు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఆ దారే పట్టాయి. లాభమొక్కటే చూసుంటే ఆ పని మొదలయ్యేదా?

హోసూరు రోడ్డు మీద రేసులు పెట్టమని నేననడం లేదు. వేగం ట్రాక్ మీదే ఉండాలి. కానీ బరువు తగ్గించడం, మలుపులో బండిని నిలబెట్టడం ఇంజనీర్లకు నేర్పేది ఇలాంటి కార్లే. రేపు ఈ ఫ్యాక్టరీల్లో పనిచేసేది మనమే. ఎవరో గీసిన బండికి బోల్టులు బిగించడంతోనే సరిపెట్టుకుందామా?