దొడ్డిదారి ఎవరికి తెరిచినా ముప్పే

రహస్యంగా సమాచారం పంపుకోవాలంటే ఇద్దరి దగ్గరా ముందుగానే ఒకే తాళంచెవి ఉండాలన్నది శతాబ్దాలుగా సాగిన నియమం. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రచురించిన పత్రం ఆ అవసరం లేకుండా చేసింది. మరుసటి ఏడాది ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఆ ఆలోచనను ఆచరణలోకి తెచ్చింది.

ఇందులో ఒక్కొక్కరికీ రెండు కీలు. పబ్లిక్ కీని లోకమంతా చూడవచ్చు; ప్రైవేట్ కీ సొంతదారు దగ్గరే ఉంటుంది. మొదటిదానితో మూసిన సందేశం రెండోదానితోనే తెరుచుకుంటుంది. ప్రైవేట్ కీతో చేసిన సంతకాన్ని పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడవచ్చు. ఆర్‌ఎస్‌ఏలో ఈ కీలు రెండు పెద్ద ప్రధాన సంఖ్యల నుంచే తయారవుతాయి. వాటిని గుణించడం కంప్యూటర్‌కు క్షణాల పని. 617 అంకెల లబ్ధం ఇచ్చి ఆ రెండు సంఖ్యలేవో చెప్పమంటే మాత్రం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు. ఆర్‌ఎస్‌ఏ బలమంతా అక్కడే ఉంది.

బ్యాంకు వెబ్‌సైటు అసలైనదో కాదో తేల్చేదీ, 2000 నాటి ఐటీ చట్టం గుర్తించిన డిజిటల్ సంతకానికి ఆధారమైనదీ ఈ రెండు కీల పద్ధతే. 2016 నుంచి వాట్సాప్ సందేశాలన్నిటికీ రక్షణగా ఉన్నదీ ఇదే. సందేశాన్ని విప్పే కీలు వాడుకరుల పరికరాల్లోనే ఉంటాయి కనుక కంపెనీ సైతం వాటిని చదవలేదు.

దర్యాప్తు సంస్థలకు ఇది మింగుడు పడడం లేదు. కోరినప్పుడు సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పాలని కేంద్రం 2021 ఐటీ నిబంధనల్లో పెద్ద మెసేజింగ్ సంస్థలను ఆదేశించింది. వదంతులు మూకదాడులకు దారితీసిన దేశంలో ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. అయితే రేపు ఏ సందేశం గురించి అడుగుతారో ముందే తెలియదు కనుక, ప్రతి ఒక్కరి ప్రతి సందేశానికీ ఆనవాలు వేసి దాచాలి. కొందరు నేరగాళ్ల కోసం కోట్లాది మందిని నిఘాలో పెట్టడమే అది.

పోలీసుల కోసం తెరిచిన దారి పోలీసులకే పరిమితం కాదు. గ్రీస్‌లో చట్టబద్ధ నిఘాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఉన్న ఏర్పాటును గుర్తుతెలియని వ్యక్తులు వాడుకుని, 2004–05లో ప్రధాని కరమాన్లిస్ సహా సుమారు వంద మంది ఫోన్లు విన్నారు. అమెరికా 1993లో ప్రభుత్వానికి మారు కీ దక్కేలా తెచ్చిన క్లిప్పర్ చిప్‌లో మరుసటి ఏడాదే లోపం బయటపడింది. ఆ పథకం అటకెక్కింది.

దర్యాప్తుకు వేరే మార్గాలున్నాయి: స్వాధీనం చేసుకున్న ఫోన్లు, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న రికార్డులు, బాధితులు అందించే సందేశాలు. శ్రమ ఎక్కువే, కానీ అనుమానితుల వరకే పరిమితం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చిచెప్పింది. సందేశాలను 90 రోజులు మామూలు పాఠంగా దాచాలన్న 2015 నాటి ముసాయిదాను కేంద్రమే కొద్ది రోజుల్లో ఉపసంహరించుకుంది. 2021 నాటి నిబంధననూ అలాగే రద్దు చేయాలి; సందేశాలను కీలతో మూసే ఎన్‌క్రిప్షన్‌ను బలహీనపరచమని ఏ సంస్థనూ ఆదేశించరాదని చట్టంలోనే రాయాలి.