ప్యాకేజీలో లేని సూదులు

ఆరోగ్యశాఖ బాధ్యత మోస్తున్న గౌరవనీయులకు,

చిక్కడపల్లి నుంచి రాస్తున్నాను. ఈ ఉత్తరంలో తమరికి తెలియని సంగతి ఒక్కటీ ఉండదు. తెలిసీ పక్కన పెడుతున్నారన్నదే నా బాధ.

ఐవీఎఫ్‌కు వెళ్లిన మనిషికి అండాలు పెరగడానికి ఇంజెక్షన్లు ఇస్తారు. అలా పెంచిన అండాలను తీశాక, ఒంట్లో తనంతట తాను ఊరవలసిన ప్రొజెస్టిరాన్ చాలినంత నిలవదు. పిండం గర్భసంచిని పట్టుకోవాలంటే దాన్ని బయటి నుంచి అందించాలి, మాత్రగానో, జెల్‌గానో, తుంటికి గుచ్చే నూనె ఇంజెక్షన్‌గానో. ఇక ఫ్రీజ్ చేసిన పిండాన్ని, పూర్తిగా మందులతోనే సిద్ధం చేసిన గర్భసంచిలో పెట్టినప్పుడు, అండం విడుదలయ్యాక ఆ హార్మోన్ ఇచ్చే బుడగే ఒంట్లో ఉండదు కాబట్టి, మాయ ఆ పని అందుకునేదాకా వారాల తరబడి ఆ మందే దిక్కు. గుచ్చిన చోట గడ్డకట్టి కూర్చోలేకపోయినా ఆ రాత్రి సూది మానడానికి వీల్లేదు. ఇది బలానికి తాగే టానిక్ కాదండీ.

అయినా నాకు చికిత్స చేసినచోట చెప్పిన ప్యాకేజీలో ఈ సూదుల ఊసే లేదు. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సంతాన చికిత్సల చట్టం మాత్రం ఖర్చు, దుష్ప్రభావాలు, ఫలితం దక్కే అవకాశం, అన్నీ ముందే చెప్పాలంటుంది. ఆ చెప్పడం జరుగుతోందో లేదో చూడవలసిన పని రోగిది కాదు, మీది. నారాయణగూడ మందుల షాపులో చీటీలో రాసినదాంట్లో సగమే కట్టించుకుని, మిగతాది జీతం వచ్చాక తీసుకుంటానన్న అమ్మాయిని చూశాను. ఆమె కడుపులో బిడ్డ జీతం తారీఖు దాకా ఆగుతుందా?

మా పక్కనే, సర్కారు ఉద్యోగాలకు చదివేవాళ్లు ఉండే అశోక్ నగర్. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్‌నే వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం వచ్చాకే పెళ్లి, ఆ తర్వాతే పిల్లలు అనుకుని ఇరుకు హాస్టల్ గదుల్లో చదివిన ఆడపిల్లల వయసు ఆ వాయిదాల కోసం ఆగలేదు. ముప్పై అయిదు దాటితే అండాల సంఖ్య, నాణ్యత వేగంగా పడిపోతాయని మీ శాఖ డాక్టర్లే చెబుతారు. ఆలస్యం సర్కారుది, దాని ఖర్చు వాళ్లది. చాలా ఆరోగ్య బీమా పాలసీలు తీసి చూస్తే మినహాయింపుల జాబితాలో సంతానలేమి కనిపిస్తుంది. ఆయుష్మాన్ భారత్‌లోనూ ఈ చికిత్సకు చోటు లేదు.

2023 అక్టోబరులో గాంధీ ఆస్పత్రిలో ఉచిత ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు మేమంతా నిజంగా సంతోషించాం. ఉచితమన్న మాట పిండం పెట్టే గది గుమ్మం దగ్గరే ఆగిపోకూడదు. ఆ తర్వాత వారాలపాటు రాత్రి రాత్రికీ పడే చివరి సూది దాకా వెళ్లాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ హార్మోన్ మందుల నిల్వ ఎంతుందో నెలనెలా గోడమీద రాయించండి. ప్రైవేటు కేంద్రాలు ప్యాకేజీ ధరలో మందుల ధర కలిపి రాసివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి, ఇవ్వనివాటిని తనిఖీ చేయించండి. సంతాన చికిత్సను బీమాలోకి తేవాలని కేంద్ర ప్రభుత్వానికి రాయండి. రాశారో లేదో, రాయకపోతే ఎందుకు రాయలేదో, మాకు రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు
చిక్కడపల్లి నివాసి