కంప్యూటరు నిర్మాణవిద్య

కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో కంప్యూటరు విద్యకు కొరత లేదు. బాసరలో 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయము పదవ తరగతి ముగించిన పల్లెబిడ్డలను చేర్చుకొని ఆరేండ్లు చదివించుచున్నది. జగిత్యాల చెంత నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 2007 నుండి నడచుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని పట్టము పుచ్చుకొనిన పిదప, యంత్రమును వాడుకొను విద్యను గాక, యంత్రమును కల్పించు విద్యను కోరువా రెందరు? విద్యార్థుల దృష్టియు, తలిదండ్రుల దృష్టియు హైదరాబాదులోని సాఫ్టువేరు కొలువుపైననే నిలిచియున్నవి. కొలువు నాశించుట తప్పని మే మనము. ఎల్లరు నొకే వాకిట నిలుచుట క్షేమము కాదని మాత్రమే మా మనవి.

కంప్యూటరు నిర్మాణశాస్త్ర మనగా పెట్టెను బిగించుట కాదు. ప్రాసెసరు ఏ యాజ్ఞలను గ్రహింపవలెను, వానిని ఏ వరుసను నెరవేర్పవలెను, జ్ఞాపకము నెట్లమర్పవలెను అను సంగతులను కొలిచి నిర్ణయించు శాస్త్రమది. మన రైతున కిది సులభముగ బోధపడును. శ్రీరామసాగరపు నీరు కాకతీయ కాలువవెంట దిగువ మానేరు జలాశయమును చేరి, అచటినుండి పిల్లకాలువలగుండ మడికి పారును. మడిచెంతనే నీరు నిలువయున్నచో పైరు ఎదురుచూడ నక్కరలేదు. ప్రాసెసరు చెంత క్యాషు అను చిన్న జ్ఞాపకము నుంచుటయు నిందుకే. ప్రధాన జ్ఞాపకమునుండి ఒక్క యంకెను తెచ్చుటకు నూరు స్పందనములకు మించిన కాలము పట్టవచ్చును. దగ్గరి క్యాషునుండి యైనచో కొలది స్పందనములు చాలును. అది యెంత పెద్దదిగ నుండవలెను, అందు దేనిని నిలిపి దేనిని తొలగింపవలెను అను ప్రశ్నలకు ప్రయోగముచే సమాధానము రాబట్టుటయే ఉన్నతవిద్యార్థి పని.

ఈ విద్యకు నేడు మునుపటికంటె నధికావశ్యకత కలదు. చిప్పుపై ట్రాన్సిస్టరుల సంఖ్య క్రమముగ నిబ్బడించునని 1965లో గోర్డన్ మూరు ఊహించెను. ఆ వృద్ధివలన యంత్రములు దశాబ్దములపాటు తమంతతామే వేగము పుంజుకొనెను. సుమారు 2005 నాటికి వేడిమి అడ్డుపడి స్పందనవేగము నిలిచిపోయెను. నాటినుండి వేగమును సాధించు భారము చాలవరకు నిర్మాణ నైపుణ్యముపై బడినది. ఈ శాస్త్రమును కొలతలపై నిలిపిన జాన్ హెన్నెసీ, డేవిడ్ పాటర్సనులు 2017 సంవత్సరపు ట్యూరింగు బహుమానమును పొందిరి.

వేగమొక్కటియే కాదు, రక్షణయు దీనిపై నాధారపడియున్నది. రాబోవు నాజ్ఞను ముందుగ నూహించి పనిచేయుట ఆధునిక ప్రాసెసరుల యొడుపు. ఆ యొడుపునుండియే రహస్యములు బయటికి పొక్కగలవని 2018 జనవరిలో స్పెక్టరు, మెల్ట్‌డౌను అను లోపములు లోకమునకు చాటినవి. సిరిసిల్లలో మరమగ్గపు గుట్టెరుగనివాడు అది చెడిననాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. బ్యాంకులను, రైళ్లను, సైన్యమును గుట్టు తెలియని యంత్రములకు అప్పగించిన జాతిగతియు నింతే.

చిప్పుల కర్మాగారము లేనిచోట ఈ చదువేల యని కొందరందురు. కల్పన వేరు, తయారి వేరు. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పుట్టిన రిస్క్-ఫైవు అను నాజ్ఞాసంహిత ఎల్లరకు నుచితము. దానిని వాడుటకు ఎవ్వరికిని పన్ను చెల్లింప నక్కరలేదు. దానినే యాధారము చేసికొని మద్రాసు ఐ.ఐ.టి. వారు శక్తి ప్రాసెసరులను రూపొందించిరి. అందొకటి 2018లో మన దేశపు కర్మాగారముననే తయారైనది. ఎఫ్.పి.జి.ఎ. అను పలకపై చిన్న ప్రాసెసరును కరీంనగరపు విద్యార్థియు నడిపించి చూడవచ్చును. గొప్ప ఆచార్యుల యుపన్యాసములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగ లభించుచున్నవి. కొరవడినది సాధనము కాదు, సంకల్పము.

కావున విశ్వవిద్యాలయాధికారులకు మే మీ క్రింది సంగతులను నివేదించుచున్నాము. ఎం.టెక్. విద్యార్థి ప్రతివాడును ఒక చిన్న ప్రాసెసరును స్వయముగ నిర్మించి, దాని వేగమును కొలిచి, లోపములను చూపిననే పట్టమీయవలెను. పరీక్షకు కంఠస్థము చేసిన బొమ్మలు చాలవు. కళాశాలలు పలకలను, ఉపకరణములను పంచుకొనవలెను. అధ్యాపకులు ఈ శాస్త్రమును సులభమైన తెలుగున వ్రాయవలెను. పల్లెబిడ్డ తొలిపాఠముననే భాషకు వెరచి వెనుదిరుగరాదు.

ఆసియావాసులలో ట్యూరింగు బహుమానమును మొదట పొందిన రాజ్ రెడ్డిగారు తెలుగుపల్లెలో పుట్టినవారు; బాసర విద్యాలయమునకు మూలమైన విశ్వవిద్యాలయపు తొలి కులపతియు వారే. పల్లె పుట్టుక ప్రతిభ కడ్డుగాదని చెప్పుటకు వేరు సాక్ష్య మేల? తలిదండ్రులారా, మీ బిడ్డ రెండేండ్లు అదనముగ చదివెద నన్నచో కొలువు జాగగునని కలతపడకుడు. అన్యులు కట్టిన యింట అద్దె కుండుటకంటె ఇల్లు కట్టు నేర్పు మేలు.