గడియారపు మోజు: కాలం యెవరిది?

యీమధ్య మన విద్యాధికులలో ఖరీదైన చేతిగడియారాల మీద వొక కొత్త భక్తి బయలుదేరింది. కొనగలవాడు లక్షలు పోసి స్విస్ వాచీ కొంటున్నాడు. కొనలేని విద్యార్థి దాని యంత్రాన్ని గురించి, ముళ్ళ నీలివన్నెను గురించి గంటల తరబడి చర్చిస్తున్నాడు. “ఇది ఆడంబరం కాదు, కళాభిమానం” అని వీరి వాదం. శామీర్‌పేట ప్రాంతంలో పాఠాలు చెప్పుకొనే నాకు యీ వాదం తరచు వినిపిస్తున్నది. దాన్ని వొకసారి పరీక్షిద్దాం.

గడియారం చేయవలసిన పని కాలం చెప్పటం. 1969 డిసెంబరులో జపానులో సీకో సంస్థ క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టడంతో ఆ పందెం తేలిపోయింది. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం గల మామూలు వాచీ నెలకు సుమారు 15 సెకన్లు తప్పుతుంది. స్విస్ క్రోనోమీటరు పరీక్ష నెగ్గే యాంత్రిక గడియారం సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడవచ్చు, 6 సెకన్లు ముందుకు పోవచ్చు. అనగా మేడ్చల్ బజారులో కొన్న చవకవాచీ కాలం చెప్పటంలో లక్షల వాచీని ఓడిస్తుంది. మరి ఆ లక్షలు దేనికి?

“నైపుణ్యానికి” అంటారు. నైపుణ్యాన్ని కాదనేదెవరు? వెంట్రుకవంటి స్ప్రింగును సరిచేసే పనివాని వేళ్ళకు నేనూ నమస్కరిస్తాను. కాని 1867లో వెలువడిన ‘పెట్టుబడి’లో మార్క్సు శ్రమవిభజనకు గడియారాల తయారీనే ఉదాహరణగా తీసుకొన్నాడు. వొక్క చేతిపనివాని సృష్టి యెందరో శ్రామికుల ముక్కలుముక్కల పనిగా మారిన తీరు చూపాడు. ఆ శ్రామికుల పేర్లు డయలు మీద వుండవు. కంపెనీ పేరే వుంటుంది. ఆ పేరు చెరిపివేసి అదే యంత్రాన్ని చేతికిస్తే మన కళాభిమాని అదే ధర చెల్లిస్తాడా? చెల్లించడు. కనుక అతడు కొంటున్నది కొనలేనివారికీ తనకూ నడుమనున్న దూరాన్ని.

నైపుణ్యమే దైవమైతే, మనదేశపు నైపుణ్యం గతి యేమయింది? 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. సంస్థ జపాను సిటిజన్ సహకారంతో వాచీలు చేయటం మొదలుపెట్టింది. తాను చేసిన వొక రకానికి ‘జనతా’ అని పేరు పెట్టింది. 1942లో పుట్టిన మన హైదరాబాదు ఆల్విన్ 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసింది. గుమాస్తాకూ బడిపంతులుకూ చేతిగడియారం అందించినవి యివి. ఆల్విన్ వాచీలు యిప్పుడు లేవు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు అంగీకరించింది. అదే నిర్ణయంతో హైదరాబాదు హెచ్.ఎం.టి. బేరింగ్సు కూడా మూతబడింది. అప్పుడు నోరు మెదపని అభిమానులు నేడు పాత ‘జనతా’ల కోసం వెతుకుతున్నారు. కార్మికుడు వీధినపడిన తర్వాత అతని పనితనం మీద ప్రేమ పుట్టింది!

ప్రభుత్వానికి మాత్రం యీ వస్తువు సంగతి బాగా తెలుసు. పదిలక్షలకు మించిన చేతిగడియారాన్ని విలాసవస్తువుల జాబితాలో చేర్చి, 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మినచోటనే వొక శాతం పన్ను వసూలు చేయిస్తున్నది. మరోవంక, 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన వొప్పందం మేరకు స్విస్ గడియారాల మీద దిగుమతి సుంకాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తున్నది. కుడిచేత్తో గిల్లి యెడమచేత్తో ఊయల ఊపటమంటే యిదే.

అసలు సమస్య కాలానిది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్యసంస్థలు రోజుకు 10 గంటలదాకా పని చేయించుకోవచ్చునని ఉత్తర్వు యిచ్చింది. వారానికి 48 గంటల హద్దు అలాగే వున్నదని సమాధానం చెబుతారు. యిల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయివుంటే ఆ తండ్రికి వారపు లెక్క యేం వోదార్పు? మేడ్చల్ కార్ఖానాలలో, తుర్కపల్లి మందుల కంపెనీలలో గేటు దగ్గర వేలిముద్ర వేసే కార్మికునికి నిమిషం విలువ యెవరూ బోధించనక్కరలేదు. ఆలస్యమైతే జీతమే బోధిస్తుంది. శామీర్‌పేట చెరువు చుట్టుపట్ల తోటబంగళాలో విశ్రమించేవాని మణికట్టున మెరిసేది యిలా పోగుపడిన పరుల కాలమే.

విద్యార్థులారా, యంత్రాన్ని ప్రేమించండి; విప్పి చూడండి, నేర్చుకోండి. ఆ కళ్ళతోనే ధరను కూడా విప్పి చూడండి. యెనిమిది గంటల పనిదినం కోసం ప్రపంచ కార్మికులు నెత్తురు ధారపోశారు. ఆ యెనిమిదికి మరో రెండు కలుపుతుంటే, ముల్లు నీలివన్నెను వర్ణించుకొంటూ కూర్చోవటం చదువుకున్నవారికి తగదు.