వాన మొదలయ్యాక కాదు



"మా ఊరికి ఎన్నడూ నీళ్లు రాలేదు" అనే మాట మన కాటారం వైపు ఇంకా వినబడుతూనే ఉంది. 2023 జూలై 27న తెల్లవారకముందే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం డాబాలు, చెట్లు ఎక్కి అరిచారు. పడవలు, సైనిక హెలికాప్టర్లు వచ్చి వారిని దింపాయి. నలుగురు కొట్టుకుపోయారు. ఆ వరదల్లోనే ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని తీసుకుపోయింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది.

దీన్ని దేవుని ఉగ్రత అని చేతులు ముడుచుకొనే వారితో నేను ఏకీభవించను. నోవహు వాన మొదలయ్యాక ఓడ కట్టలేదు కదా! భారీ వర్షసూచన వచ్చిన రోజే నెలలు నిండిన తల్లులను వాగు ఇవతలికి తీసుకురండి. వాగు పొంగిన తరువాత 108 బండి కూడా దాటలేదు. టి.బి., షుగరు, బి.పి., మూర్ఛ మందులను రెండు వారాలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచండి. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాను నీరు తగలకుండా కవరులో చుట్టి, తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో పెట్టవచ్చు.

ఇక మంటలు. ఇవి చాలావరకు మన చేతులతో పెట్టేవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికని చెట్టు కింద ఆకులు కాలుస్తారు, తునికి చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. ఆ పొగతో ఆస్తమా ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. నేల మీది ఆకు కాలిపోతే తొలకరి వాన ఇంకకుండా వాగుకే పరుగెత్తుతుంది. (650 మిల్లీమీటర్ల వానను ఏ అడవీ ఆపలేదనుకోండి.) చెట్టు కింద పాత చీర పరచండి, పువ్వుకు మట్టి కూడా అంటదు.

తునికాకుకు వెళ్లేవారు ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వడగాడ్పును విపత్తుగా గుర్తించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఆ డబ్బు మన ఇళ్లలో ఎవరికీ అవసరపడకూడదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

చివరగా సంఘ పెద్దలకు ఒక మాట. మిట్ట మీద ఉన్న మందిరం వానరాత్రి ఏ మతంవారికైనా తెరవాలి. తాళంచెవి పాస్టరుగారి దగ్గరే ఉండి, ఆయన వాగు అవతల చిక్కుకుంటే ఏమి లాభం? రెండో చెవి మందిరం పక్కింటివారికి ఇచ్చి, లోపల మూతపెట్టిన మంచినీళ్లు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, టార్చిలైటు ఉంచే సంగతిని జూన్ రాకముందే కమిటీలో పెట్టాలని కోరుచున్నాను.