బహుమతి బొమ్మకా, ప్రశ్నకా?

పిల్లలూ! 'ఇన్‌స్పైర్ - మానక్' పేరు మీ బడిలో వినే ఉంటారు. మంచి ఆలోచన పంపి ఎంపికైన విద్యార్థికి, దానికి నమూనా తయారు చేసుకోవడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 10,000 రూపాయలు ఇస్తుంది. ఆ నమూనాలు జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలకు వెళతాయి. మరి ఈ డబ్బు దేనికి? అందమైన బొమ్మకా, మంచి ప్రశ్నకా?

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా బడి ప్రదర్శనకు ఒక అబ్బాయి అగ్నిపర్వతం తెచ్చాడు. పట్నంలో కొన్నది. పొగ చిమ్ముతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే ఒక అమ్మాయి మూడు గాజు గ్లాసులు పెట్టుకుని నిలబడింది. దూది మీద పెసలు. ఒకదానికి కుళాయి నీళ్ళు, ఒకదానికి ఇంటి బోరు నీళ్ళు, మూడోదానికి నక్కవాగు నీళ్ళు. రోజూ మొలకలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసింది. వాగు నీళ్ళ గ్లాసులో మొలకలు తక్కువ. "ఎందుకు సార్?" అని అడిగింది. నేను అగ్నిపర్వతాన్నే జిల్లాకు పంపాను. నోటుబుక్కు బీరువాలో ఉండిపోయింది.

ఆమె ప్రయోగం వాగు నీళ్ళలో ఏముందో చెప్పదు. ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఒక్కసారి చేస్తే చాలదు. అన్నే గింజలతో, అదే వెలుతురులో, మళ్ళీ మళ్ళీ చేయాలి. కాని ప్రశ్న అసలైనది. స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులో వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది! ఆ బిళ్ళ మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు బలపడతాయి. ప్రపంచమంతా చదివిన ఆ పరిశోధన, మా అమ్మాయి గ్లాసులు రెండూ మన ఊరి నీళ్ళ గురించే అడిగాయి.

1963లో ఢిల్లీలో పదిమంది విద్యార్థులతో సైన్సు ప్రతిభాన్వేషణ పథకం మొదలైంది. మరుసటి ఏడు దేశమంతటా 350 ఉపకార వేతనాలయ్యాయి. అప్పుడు రాత పరీక్షతోపాటు విద్యార్థి సొంత ప్రాజెక్టు నివేదికను కూడా చూసేవారు. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షగా మారిన ఆ పథకాన్ని 2021లో నిలిపివేశారు. దాన్ని మళ్ళీ తెరవాలి. తెరిచేటప్పుడు ఆ ప్రాజెక్టు నివేదికనూ వెనక్కి తేవాలి. గుర్తుపెట్టుకున్న జవాబులకు మార్కులు ఎటూ ఉన్నాయి. ప్రశ్నకు కూడా ఒక పీట వేయాలి గదా!

మీరు మాత్రం అంతవరకు ఆగకండి. మీ వీధిలో, మీ పొలంలో, మీ బావి దగ్గర మీకు అర్థం కానిది ఒకటి పట్టుకోండి. కొలవండి, తేదీ వేసి రాయండి. తప్పు వచ్చినా కొట్టివేయకండి. ఆ పుస్తకం తెచ్చి మీ మాస్టారికి చూపండి. ఆయన అగ్నిపర్వతం వైపు చూస్తుంటే, మళ్ళీ అడగండి.